కుట్లు మానిన తర్వాత



"అంతా తీసేశామన్నారు కదండీ, మళ్లీ ఈ టెస్టులన్నీ ఎందుకు?" పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఏడాదికో రెండేళ్లకో అడిగే ప్రశ్న ఇది. అడగాల్సిన ప్రశ్నే. మా సర్జన్లలో చాలామందిమి "రావాలి, అంతే" అని పంపించేస్తాం. బయట వరండా నిండా జనం ఉంటారు మరి. ఆ "అంతే" వెనక ఏముందో ఈ పూట కాస్త తీరిగ్గా చెప్పుకుందాం.

ఆపరేషన్ అయిన మనిషికి ఆ తర్వాత రాగల ఇబ్బందులు మూడు వైపుల నుంచి వస్తాయి. పాత క్యాన్సరే తిరగబెట్టవచ్చు. మిగిలిన పేగులో దానితో సంబంధం లేని కొత్త కంతి పుట్టవచ్చు. ఈ రెండూ కాక, క్యాన్సర్ పూర్తిగా పోయినా ఆపరేషను, కీమో, కరెంటు పెట్టడం (రేడియేషన్) ఒంట్లో వదిలి వెళ్లిన తంటాలు ఉండవచ్చు. చిక్కేమిటంటే మూడూ దాదాపు ఒకే లక్షణాలతో కనబడతాయి: కడుపులో నొప్పి, విరేచనంలో తేడా, రక్తం. భయస్తుడు ఏది వచ్చినా క్యాన్సర్ తిరగబెట్టిందనే అనుకుని నిద్ర పోగొట్టుకుంటాడు. మొండివాడు ఆపరేషన్ అయ్యాక ఇవన్నీ మామూలే అని ఊరుకుంటాడు. ఇద్దరూ చూడకుండానే తీర్పు చెప్పేసుకుంటున్నారు.

ఎక్కువమందిని రోజూ వేధించేవి ఆ చివరి రకం తంటాలే కాబట్టి వాటితోనే మొదలుపెడతాను.

పెద్దపేగు పొడవు సుమారు ఒకటిన్నర మీటరు. అందులో ఏ భాగం తీశారన్నదాన్ని బట్టి బాధ మారుతుంది. కుడివైపు తీసినప్పుడు చిన్నపేగు చివరి కొసను కూడా కొంత తీస్తారు. పైత్యరసంలోని లవణాలను ఒంట్లోకి తిరిగి పీల్చుకునేది, విటమిన్ బి12ని పీల్చుకునేది ఆ కొసే. అది తగ్గితే ఆ లవణాలు పెద్దపేగులోకి దిగి దాన్ని రేపుతాయి. తిన్న వెంటనే నీళ్ల విరేచనం, మంట. దీనికి కొలెస్టిరమిన్ అనే పొడి ఉంది. అడిగితేనే కదా ఇచ్చేది! కొందరు ఏళ్ల తరబడి పెరుగన్నం మీదే బతుకుతూ, ఇక తమ జీవితం ఇంతేననుకుంటారు. చిన్నపేగు కొస ఎక్కువగా పోయినవాళ్లలో బి12 నిదానంగా, ఏళ్ల మీద అడుగంటుతుంది. నీరసం, కాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు ముసలితనం వల్లేనని తోసిపుచ్చకుండా ఒకసారి రక్తపరీక్ష చేయించుకుంటే తేలిపోతుంది.

మలాశయం తీసినవాళ్ల కథ వేరు. మలాన్ని కాసేపు పట్టి ఉంచే గది అది. ఆ గది తీసేసి పైపేగును కిందికి దించి అతికిస్తే, ఆ పేగుకి పట్టి ఉంచడం చేతకాదు. పొద్దున్నే గంటలో నాలుగైదుసార్లు బాత్రూమ్‌కి వెళ్లాలి. వెళ్లొచ్చి కూర్చుంటే మళ్లీ వస్తుంది. గ్యాసో మలమో తెలియదు. పెళ్లి పిలుపు వస్తే ముహూర్తం కన్నా ముందు ఆ హాల్లో బాత్రూమ్ ఎక్కడుందో కనుక్కుంటారు, చివరికి వెళ్లడమే మానేస్తారు. దూరపు బస్సు ఎక్కరు. ఇది ఒకరిద్దరి గోడు కాదు. మలాశయం కిందిదాకా తీయించుకున్నవాళ్లలో సగానికి పైగా ఏదో ఒక మోతాదులో అనుభవించేదే. డెన్మార్క్ వైద్యులు 2012లో ఐదే ఐదు ప్రశ్నలతో దీని తీవ్రతను కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. కొలవడం మొదలుపెట్టాకే వైద్యులు దీన్ని జబ్బుగా పట్టించుకున్నారు. అంతవరకు "ప్రాణం దక్కింది కదా, సర్దుకోండి" అనేవాళ్లం.

మొదటి ఏడాది, రెండేళ్లలో ఇది చాలావరకు తగ్గుతుంది. ఆ తర్వాత కూడా మిగిలిందంటే దానంతట అది పోయే అవకాశం తక్కువ, కానీ చేయగలిగింది ఉంది. ఇసబ్‌గోల్ పొట్టుతో మలం గట్టిపడుతుంది. లోపెరమైడ్ మాత్ర ప్రయాణానికి ముందు వేసుకోవచ్చు, డాక్టరు చెప్పిన మోతాదులో. కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం ఫిజియోథెరపిస్టు నేర్పుతారు. ఇవేవీ పనిచేయకపోతే పొద్దున్నే గోరువెచ్చని నీటితో పేగు కిందిభాగం కడుక్కునే పద్ధతి ఉంది. అలా కడుక్కుంటే మిగతా రోజు చాలామందికి గొడవ ఉండదు.

ఇక మలం బయటికి రావడానికి పొట్ట మీద సంచి పెట్టించుకున్నవాళ్లు. సంచి చుట్టూ ఉబ్బు కనిపిస్తే అది చాలాసార్లు హెర్నియా. పొట్ట గోడకు పెట్టిన రంధ్రం నెమ్మదిగా వెడల్పై దాని పక్కనుంచి పేగు బయటికి తోసుకొస్తుంది. వడ్ల బస్తా ఎత్తడం, నిండు బిందె మోయడం, తగ్గని దగ్గు దీన్ని పెంచుతాయి. సంచికి సరిపోయే బెల్టు కట్టుకుంటే చాలామందికి సరిపోతుంది. నొప్పి, వాంతులు వస్తే మాత్రం ఆగకూడదు. చిన్నపేగుకే సంచి పెట్టినవాళ్లకి ఎండాకాలం గండం. పెద్దపేగు పీల్చుకోవాల్సిన నీరూ ఉప్పూ సంచిలోకి పోతాయి. మన రోహిణి ఎండల్లో ఒట్టి మంచినీళ్లు కడవల కొద్దీ తాగినా లాభం ఉండదు, పైగా సంచి ఇంకా నిండుతుంది. ఓఆర్ఎస్ తాగాలి, మజ్జిగలో ఉప్పు వేసుకోవాలి. మూత్రం తగ్గి ముదురు పసుపు రంగులోకి మారిందంటే కిడ్నీలకు దెబ్బ తగలకముందే ఆసుపత్రికి వెళ్లాలి.

పొట్ట కోసిన ప్రతి మనిషిలోనూ పేగులు ఎంతోకొంత ఒకదానికొకటి అతుక్కుంటాయి. చాలామందికి ఏమీ కాదు. కొందరికి పదేళ్లకో ఇరవయ్యేళ్లకో ఒకరోజు ఆ అతుకు దగ్గర పేగు మడతపడి మూసుకుపోతుంది. పోప్ ఫ్రాన్సిస్ మీకు గుర్తుండే ఉంటారు. 2021లో ఆయన పెద్దపేగులో ఎడమవైపు భాగం తీశారు. అది క్యాన్సర్ కాదు, పేగు ఇరుకైపోయింది. రెండేళ్లకు 2023 జూన్‌లో మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సివచ్చింది. పాత కోతల మచ్చ దగ్గర హెర్నియా ఏర్పడి, పేగు తరచూ సగం మూసుకుపోతుండటమే కారణం. జబ్బు ఏదైనా కోత మిగిల్చే బాధ ఇలాగే ఉంటుంది. అలలు అలలుగా నొప్పి, పొట్ట ఉబ్బరం, వాంతులు, గాలి కూడా కిందికి పోకపోవడం, ఈ నాలుగూ కలిసి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి. పేగు ఇరుకుగా ఉందని చెప్పినవాళ్లు తేగలు, పనసతొనలు, మొక్కజొన్న లాంటి పీచు సరుకు జోలికి పోకూడదు. సంక్రాంతికి తేగలు లేకపోతే ఎలా అని మా గోదావరి వాళ్లకి బెంగ. ఆ బెంగ పడొచ్చు, తేగ మాత్రం నమలకూడదు.

కరెంటు పెట్టించుకున్నవాళ్లకి, అంటే రేడియేషన్ తీసుకున్నవాళ్లకి, నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత మలంతో రక్తం పడవచ్చు. లోపలి పొరలో సన్నని రక్తనాళాలు పలచబడి చిట్లుతాయి. దీన్ని కెమెరా గొట్టంతో చూసి అక్కడికక్కడే మాడ్చి ఆపవచ్చు. చూడకుండా మొలలని మందు రాయించుకోవడం మాత్రం మహా తప్పు. మొదట జబ్బు బయటపడటానికి అంత ఆలస్యమైంది కూడా చాలామంది విషయంలో "మొలలేలే" అనుకున్నందువల్లే కదా.

ఇంకో సంగతి రేడియోలో చెప్పవచ్చా అని ఆలోచించాను. చెప్పకపోతే ఎవరూ చెప్పరు. మలాశయం పక్కనుంచే మూత్రాశయానికీ, జననాంగాలకీ వెళ్లే నరాలుంటాయి. ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో బిల్ హీల్డ్ అనే సర్జన్ 1982లో మలాశయాన్ని దాని చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా చెక్కుచెదరకుండా తీసే పద్ధతిని వివరించాక, అదే చోట క్యాన్సర్ తిరగబెట్టడం బాగా తగ్గింది, ఈ నరాలను కాపాడటం కూడా సులువైంది. అయినా కొందరికి మూత్రం ఆగిపోవడం, దాంపత్యంలో ఇబ్బంది వస్తాయి. మగవాళ్లు అడగరు. ఆడవాళ్లను డాక్టర్లు అడగరు. దీనికి మందులున్నాయి, సలహా ఇచ్చేవాళ్లున్నారు. సిగ్గుపడి మూసిపెట్టుకుంటే మొగుడూ పెళ్లాల మధ్య అపార్థాలే పెరుగుతాయి.

కీమోలో ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకున్నవాళ్లకి అరికాళ్ల తిమ్మిరి తెలిసిందే. మందు ఆపేశాక కూడా రెండు మూడు నెలలు అది పెరగవచ్చు, తర్వాతే తగ్గుముఖం పడుతుంది. కొందరిలో కొంత మిగిలిపోతుంది. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియదు. పొలానికి ఉత్తి కాళ్లతో వెళ్లేవాళ్లు, అందులోనూ షుగరు ఉన్నవాళ్లు, రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్లు ఒకసారి చూసుకోవాలి.

ఇప్పుడు పాత క్యాన్సర్ తిరగబెట్టడం దగ్గరికి వద్దాం.

సర్జన్ "అంతా తీసేశాం" అంటే కంటికి కనబడిందంతా తీసేశామని అర్థం. కంటికి కనబడని కణాలు అంతకుముందే రక్తంలోంచి కాలేయానికో ఊపిరితిత్తులకో చేరి ఉండవచ్చు. అలాంటివి ఉంటే తొందరగానే తల ఎత్తుతాయి. తిరగబెట్టే క్యాన్సర్లలో సుమారు 80 శాతం మొదటి మూడేళ్లలోనే బయటపడతాయి, ఐదేళ్లు దాటాక చాలా అరుదు. ఫుట్‌బాల్ ఆటగాడు పెలేకి 2021 సెప్టెంబరులో పెద్దపేగు కంతి తీశారు. జబ్బు ఇతర అవయవాలకు పాకి 2022 డిసెంబరులో ఆయన పోయారు. అంత వేగంగా అందరికీ జరగదు. జరిగినా ప్రతిసారీ దారి మూసుకుపోదు కూడా. పెద్దపేగు క్యాన్సర్‌కి ఉన్న ఒక వెసులుబాటు ఇది: కాలేయానికి పాకినా, ఒకటి రెండు చోట్లే ఉంటే ఆ భాగాన్ని కోసి తీయవచ్చు, కాలేయం మళ్లీ పెరుగుతుంది. అలా తీయగలిగినవాళ్లలో పదిమందికి నలుగురి దాకా ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. లక్షణాలేవీ లేనప్పుడే స్కాన్ చేయడం వెనకున్న ఆశ అదే.

అందుకని మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి డాక్టరు చూసి, చాలా పేగు క్యాన్సర్లు తయారుచేసే ఒక పదార్థాన్ని కొలిచే సి.ఇ.ఎ. అనే రక్తపరీక్ష చేయిస్తారు. ఆ పదార్థాన్ని 1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ కనుగొన్నారు. ఏడాదికోసారి సి.టి. స్కాన్. సి.ఇ.ఎ. అంకె చూసి గుండె బాదుకునేవాళ్లు చాలామంది. పోయినసారి 2.1, ఈసారి 2.9 అని అర్ధరాత్రి ఫోన్లు వస్తుంటాయి. పొగతాగేవాళ్లలో అది మామూలుగానే ఎక్కువ. కాలేయం వాచినా పెరుగుతుంది. కొందరి క్యాన్సర్ అసలు దాన్ని తయారే చేయదు. ఒక్క అంకె కాదు, వరసగా పెరుగుతున్నదా అన్నదే చూడాలి. అందుకే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించుకోవడం మంచిది.

ఎన్ని ఎక్కువ టెస్టులు చేస్తే అంత క్షేమం అన్న నమ్మకం కూడా ఉంది. దాన్ని తేల్చడానికి స్వీడన్, డెన్మార్క్, ఉరుగ్వే దేశాల్లో ఆపరేషన్ అయిన 2,509 మందిని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకి మూడేళ్లలో ఐదుసార్లు స్కాను, సి.ఇ.ఎ.; రెండో జట్టుకి రెండేసార్లు. 2018లో ఫలితాలు వచ్చాయి. ఐదేళ్లలో మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి మూడు నెలలకోసారి పెట్ స్కాన్ రాయమని డాక్టరు మీద ఒత్తిడి తేవద్దు. డాక్టరే రాస్తే ఎందుకని అడగండి. ఆ డబ్బుకి వేరే మంచి ఖర్చులుంటాయి. ఆపరేషన్‌కి ఆరోగ్యకార్డు మీద సాయం దొరుకుతుంది గానీ, చెకప్ కోసం ఇద్దరు మనుషుల బస్సు చార్జీ, రెండు రోజుల కూలి ఎవరి లెక్కలోకీ రావు.

ఇక కొత్త కంతి. ఐదేళ్లు గడిచాయి, స్కాన్లన్నీ బాగున్నాయి, డాక్టరు చెయ్యి కలిపి అభినందించారు. చాలామంది ఫైలు అటక మీద పడేసేది అప్పుడే. వేరు మిగిలిన గడ్డి మళ్లీ చిగురించడం ఒకటి, అదే చేలో కొత్త విత్తనం మొలవడం ఇంకొకటి. ఐదేళ్ల గడువు మొదటిదానికే. క్యాన్సర్ పుట్టిన పేగులో మిగిలిన భాగం కూడా అదే తిండి, అదే వయసు, అదే వారసత్వం చూసిన పేగు. దానిలో పాలిప్ అనే చిన్న పుట్టగొడుగు లాంటి పెరుగుదల మొలిచి, సాధారణంగా పదేళ్ల దాకా తీసుకుని క్యాన్సర్‌గా మారుతుంది. ఆపరేషన్ అయినవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురిలో ఇలా రెండో క్యాన్సర్ వస్తుంది. సి.టి. స్కాన్ చిన్న పాలిప్‌ను పట్టదు, రక్తపరీక్ష అసలే పట్టదు. పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కోలనోస్కోపీయే పట్టాలి. పట్టిందీ అంటే అక్కడే ఉచ్చు వేసి తీసేయవచ్చు, పొట్ట కోయనక్కర్లేదు.

అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రేగన్ సంగతి చూడండి. 1985 జులైలో, 74 ఏళ్ల వయసులో, తెలిసిన ఒక చిన్న పాలిప్ తీయించుకోవడానికి బెథెస్డాలోని నౌకాదళ ఆసుపత్రికి వెళ్లారు. గొట్టాన్ని పేగు చివరిదాకా పంపితే కుడివైపు మొదట్లో పెద్ద కంతి కనబడింది. మర్నాడే సుమారు రెండడుగుల పేగు తీశారు. మత్తులో ఉన్న ఆ కొద్ది గంటలు దేశాధికారం ఉపాధ్యక్షుడు బుష్ చేతికి వెళ్లింది. ఆ కంతి క్యాన్సరే. తర్వాతి చెకప్‌లలో చిన్న చిన్న పాలిప్‌లు కనబడుతూ వచ్చాయి, తీసేస్తూ వచ్చారు. 2004లో, 93 ఏళ్ల వయసులో పోయారు, అదీ పేగు క్యాన్సర్‌తో కాదు. అధ్యక్షుడు కాబట్టి అంత వైద్యం దొరికింది అనవచ్చు. నిజమే. కానీ ఆయన్ని కాచిన పరీక్ష ఇప్పుడు మన జిల్లా కేంద్రాల్లోనూ దొరుకుతున్నదే.

ఎప్పుడు చేయించుకోవాలి? ఆపరేషన్ అయిన ఏడాదికి ఒకసారి. బాగుంటే మూడేళ్లకి. అదీ బాగుంటే ఐదేళ్లకోసారి. వయసు, ఓపిక చూసి ఎక్కడ ఆపాలో డాక్టరు చెప్తారు. దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది, మన దగ్గర అది చాలామందికి వర్తిస్తుంది. పేగు పూర్తిగా మూసుకుపోయి, అర్ధరాత్రి అత్యవసరంగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి అంతకుముందు గొట్టం కంతి దాటి పైకి వెళ్లి ఉండదు. ఆ పై భాగాన్ని ఎవరూ చూడలేదన్నమాట. మొదటి క్యాన్సర్ ఉన్నప్పుడే ఇంకోచోట రెండోది ఉండటం నూటికి ముగ్గురు నలుగురిలో జరుగుతుంది. వీళ్లు ఏడాది ఆగకూడదు, మూడు నుంచి ఆరు నెలల్లోనే మొత్తం పేగు చూపించుకోవాలి. మీ ఫైల్లో "పూర్తి కోలనోస్కోపీ జరిగిందా" అన్నది ఎవరిచేతనైనా చదివించుకోండి.

ముందురోజు తాగాల్సిన మందునీళ్లు రుచికి బాగోవు, ఒప్పుకుంటాను. కానీ సగం తాగి సగం పారబోస్తే పేగు శుభ్రపడదు, మలం వెనక పాలిప్ దాక్కుంటుంది. మూడేళ్లలోపే "కొత్తగా" వచ్చిందనుకున్న క్యాన్సర్లలో చాలావరకు అంతకుముందు కంటబడకుండా తప్పించుకున్నవే.

కొందరి పేగులో కొత్త కంతి ఐదేళ్లు ఆగదు. 1895లో అమెరికాలోని ఆన్ ఆర్బర్ అనే ఊళ్లో ఆల్‌ఫ్రెడ్ వార్తిన్ అనే వైద్యుడి ఇంటికి బట్టలు కుట్టే ఆవిడ ఒకరోజు దిగులుగా చెప్పింది: మా ఇంట్లో అందరూ పేగు క్యాన్సర్‌తోనో గర్భసంచి క్యాన్సర్‌తోనో పోతారు, నేనూ అలాగే పోతానని. చిన్న వయసులోనే గర్భసంచి క్యాన్సర్‌తో పోయింది. వార్తిన్ ఆ కుటుంబాన్ని వదలకుండా పరిశీలించి 1913లో ప్రకటించారు. తర్వాత నెబ్రాస్కాలోని హెన్రీ లించ్ ఆ పని కొనసాగించి, ఇది తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు దిగే జబ్బని దశాబ్దాలు వాదించారు. 1990లలో జన్యువులు దొరికాయి. ఇప్పుడు దాన్ని లించ్ సిండ్రోమ్ అంటారు. అలాంటివాళ్లలో కణం విడిపోయేటప్పుడు దొర్లే పొరపాట్లను దిద్దే యంత్రాంగం చెడి ఉంటుంది. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి పదేళ్లు పట్టదు, ఒకటి రెండేళ్లు చాలు. వీళ్లకి కోలనోస్కోపీ ఏడాదికో రెండేళ్లకో చేయాలి. ఆడవాళ్లు గర్భసంచి సంగతి కూడా చూపించుకుంటూ ఉండాలి. మీరు చేయవలసిందల్లా ఒకటే: ఆపరేషన్లో తీసిన ముక్క రిపోర్టులో, ఆ దిద్దే యంత్రాంగం సరిగ్గా ఉందో లేదో చూసే ఎం.ఎం.ఆర్. పరీక్ష ఉందా అని డాక్టర్ని అడగండి. లేకపోతే దాచి ఉంచిన ముక్క మీదే ఇప్పుడైనా చేయించవచ్చు. ఆ ముక్కలు మైనపు దిమ్మల్లో ల్యాబ్‌లో భద్రంగా ఉంటాయి.

కొత్త కంతి రాకుండా మందులేమైనా ఉన్నాయా అంటే, లించ్ ఉన్నవాళ్లలో ఆస్పిరిన్ కొత్త క్యాన్సర్లను తగ్గిస్తుందని తేలింది. కడుపులో రక్తం కారే ప్రమాదం ఉంది కాబట్టి సొంతంగా మొదలుపెట్టకూడదు. నడక విషయంలో మాత్రం అనుమానం అక్కర్లేదు. కెనడా, ఆస్ట్రేలియా వగైరా దేశాల్లో కీమో ముగించిన 889 మంది మీద చేసిన పరిశోధన ఫలితం 2025లో వచ్చింది. మూడేళ్లు ఒకరి పర్యవేక్షణలో క్రమంగా వ్యాయామం చేసినవాళ్లలో 80 శాతం మంది ఐదేళ్లకి జబ్బు లేకుండా ఉన్నారు. పుస్తకం ఇచ్చి చదువుకోమన్నవాళ్లలో 74 శాతం. మందుకి ఇంత తేడా వస్తే కంపెనీలు ఊరూరా బోర్డులు పెట్టేవి.

చివరగా ఇంట్లోవాళ్ల మాట. లించ్ లేకపోయినా, తల్లికో తండ్రికో తోబుట్టువుకో అరవై ఏళ్లలోపు పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే, మిగిలినవాళ్లు నలభయ్యో ఏట గానీ, ఇంట్లో అందరికన్నా చిన్న వయసులో వచ్చినవారి వయసుకి పదేళ్లు ముందుగా గానీ, ఏది ముందైతే అప్పుడు కోలనోస్కోపీ చేయించుకోవాలి. తండ్రికి 48లో వస్తే కొడుక్కి, కూతురికి కూడా 38లో. కూతురు పెళ్లై అత్తారింటికి వెళ్లిపోయింది కదా అని ఆమెకి చెప్పడం మరిచిపోతుంటారు. ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.